గోష్ఠిగానము: వెనుక వరుస

పుష్య బహుళ పంచమి సమీపించినదనిన బెంగుళూరులో మల్లేశ్వరము మొదలుకొని జయనగరము వఱకు ఇల్లిల్లును ఒకే పాఠమును వల్లెవేయుచున్నట్లుండును. చామరాజపేటలో ఒక మంటపము, బసవనగుడిలో ఒక పాఠశాల ఆవరణము, రాజాజీనగరములో ఒక కల్యాణమందిరము, ఎచటికేగినను నాటరాగముతో మొదలై శ్రీరాగముతో ముగియు ఆ యైదు కృతులే. పాడువారిలో కన్నడిగులు కలరు, తమిళులు కలరు, తెలుగువారును కలరు. పాట మాత్రము తెలుగువాని పాట. తెలుగు రాష్ట్రముల పొలిమేరకు ఈవల, ఇన్ని కుటుంబములు ఒకచోట కూర్చుండి ఒక్కగొంతుతో తెలుగు పలుకు సందర్భము ఈ నగరమున మఱియొకటి మాకు కానరాదు.

అందుచేతనే ఈ గోష్ఠిగానమును గూర్చి మెచ్చికోలుగా మాత్రమే కాక కొంత విమర్శగా వ్రాయవలెనని మాకు తోచినది. మేము విద్వాంసులము కాము. చాపపై వెనుక వరుసలో కూర్చుండి, పుస్తకము ఒడిలో పెట్టుకొని, ముందువారిని వెంబడించి పాడువారము. ఆ వరుసనుండి కనబడిన దానిని, వినబడిన దానిని, వినబడని దానిని చెప్పుటయే మా పని.

కొన్నియేండ్ల క్రిందట నగరమున ఒకచోట ఆరాధనకు పోయితిమి. చోటు పేరు చెప్పుట అనవసరము, అట్టివి పెక్కు. మూడువందలమంది చేరియుండిరి. వేదికపై ఐదుగురు పేరుమోసిన గాయకులు, ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క మైకు. మందిరమునకు వెనుక మూలల రెండు పెద్ద స్పీకర్లు. నాట ముగియునప్పటికి మాకొక సంగతి తెలిసివచ్చినది: మేము నోరు తెఱచి పాడుచున్నాము గాని మా గొంతు మాకే వినబడుట లేదు. ప్రక్కవారి గొంతు అసలే లేదు. స్పీకరులోని ఐదు గొంతులు మాత్రము మా తలలపై వానవలె కురియుచున్నవి. గౌళలో కాలము కొంత పెరిగినది, ఆరభిలో ఇంకను పెరిగినది. మా ప్రక్కన కోలారు ప్రాంతమునుండి వచ్చిన వృద్ధురాలొకామె, కన్నడ లిపిలో వ్రాసికొన్న పాత నోటుపుస్తకము చేతబట్టుకొని, ఒక్క అక్షరము జారకుండ పాడుచుండినది. ఆరభి నడుమ ఆమె పుస్తకము మూసి ఊరకుండెను. ఏమమ్మా ఆపితిరని అడిగితిమి. "నేను పాడితే ఏమి, పాడకుంటే ఏమి నాయనా. వాళ్లు పాడతా ఉండారు గదా" అని ఆమె నవ్వినది. ఆ నవ్వులో నిష్ఠురము లేదు. లేకపోవుటయే మాకు నొప్పిగా నుండినది.

గోష్ఠియను మాట పుట్టుకలో గోవులు చేరు చోటని అర్థము. పిమ్మట పదిమంది చేరి మాటలాడుకొను చోటయినది. ఒకరు మాటలాడి తక్కినవారు పెదవులు కదపినచో దానికి ఉపన్యాసమని పేరు గాని గోష్ఠి యని కాదు. ఐదుగురి కచేరీకి మూడువందలమంది పెదవులు కదుపుటను గోష్ఠిగానమని పిలుచుట మనకు అలవాటైపోయినది.

ఈ పద్ధతి అనాదిసిద్ధమని మనలో పలువురు నమ్ముదురు. నిజమునకు ఇది మన అవ్వల వయసు కలది మాత్రమే. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిన పిమ్మట చాలకాలము తిరువయ్యారులోని ఆ సమాధి ఆలనలేక పడియుండెను. ఇరువదవ శతాబ్ది మొదట అచట ఆరాధనలు పెరిగినవి. వానితోబాటు కక్షలును పెరిగినవి. పెద్దకక్ష యొకటి, చిన్నకక్ష యొకటి. రెండు కక్షలకు ఎన్ని విషయములలో పడకున్నను ఒక విషయమున మాత్రము ఏకాభిప్రాయము: స్త్రీలు అచట పాడరాదు.

ఈ కథలోనికి మన నగరము పేరు ఇంటిపేరుగా గల ఒక స్త్రీ ప్రవేశించినది. బెంగుళూరు నాగరత్నమ్మ 1878లో నంజనగూడులో దేవదాసీ కుటుంబమున జన్మించెను. తల్లి పుట్టలక్ష్మి. బాల్యముననే సంస్కృతము, కన్నడము, తెలుగు చదువుకొని, బెంగుళూరులో మునిస్వామప్పయొద్ద సంగీతము నేర్చి, పిమ్మట చెన్నపట్టణమునకు పోయి పేరును ధనమును గడించెను. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనము కొన్ని పద్యములు తొలగింపబడి ముద్రితమగుట చూచి సహింపజాలక, పూర్తి ప్రతిని సంపాదించి పరిష్కరించి 1910లో వావిళ్లవారిచే ప్రకటింపజేసెను. ప్రభుత్వము దానిని నిషేధించెను. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. ఒక స్త్రీ వ్రాసిన తెలుగు పద్యమును మగవారు కత్తిరించినందుకు అలిగి పోరాడిన ఈమెయే, ఒక తెలుగు వాగ్గేయకారుని సమాధియెదుట స్త్రీలు పాడరాదన్నప్పుడును అలిగినది. ఈ రెండును ఒక్క స్వభావమునుండి వచ్చిన పనులు.

ఆమె అలుక మాటలతో పోలేదు. నగలు, ఆస్తి అమ్మి సమాధి స్థలమును సంపాదించి, ఆలయము కట్టించి, విగ్రహము ప్రతిష్ఠింపజేసెను. ఆలయము కట్టించినదానికే అందులో పాడు హక్కు లేకపోయెను! అప్పుడామె స్త్రీలను కూడగట్టి వేఱుగా ఆరాధన జరిపించెను. వెఱచి వెనుదీసినది గాదు, కోర్టులకెక్కి కూలబడినదియు గాదు. పదిమందిని వెంటబెట్టుకొని పాడినది. 1940 ప్రాంతమున కక్షలన్నియు ఏకమైనవి. పంచరత్నములను అందఱును కలసి కూర్చుండి పాడు ఆచారము ఆ తరువాతనే స్థిరపడినది. నాగరత్నమ్మ 1952లో పరమపదించెను. ఆమె సమాధి గురువు సమాధికి చేరువనే యున్నది.

కావున గోష్ఠిగానము సంగీతమునకంటె ముందు ఒక రాజీ. తగవులాడుకొన్నవారు ఒకే చాపపై కూర్చుండుటకు కనిపెట్టిన ఉపాయము. పాట ఎంత బాగున్నదనుటకంటె ఎవరెవరు పాడుచున్నారనుట అందులో ముఖ్యము. ఈ మూలమును మఱచినచో వేదికపైని ఐదు మైకులు మనకు తప్పుగా తోచవు. జ్ఞప్తి యుంచుకొన్నచో, వెనుక వరుసవారి గొంతును మింగివేయు ఏర్పాటు ఎంత చక్కగా పాడినను గోష్ఠికి ద్రోహమే యని ఒప్పుకొనక తప్పదు.

ఇక పాటల విషయము. పంచరత్నములనే గోష్ఠికి ఎంచుకొనుటకు గల కారణము తెలిసినదే. వానిలో స్వరము, సాహిత్యము ముందే కూర్పబడి యుండుటచే గాయకుని సొంత కల్పనకు చోటు తక్కువ. నెరవులు, కల్పనస్వరములు లేనందున ఒకరి త్రోవ ఒకరికి అడ్డురాదు. అన్నియు ఆదితాళము. ఇది సమంజసమైన కారణమే. అయినను మాకొక సందేహము చిరకాలముగా కలదు. ఈ యైదును సమూహము పాడదగినవేనా?

నాటకృతి దాదాపు పూర్తిగా సంస్కృతము, నామావళివంటిది. పేరు వెంట పేరుగా సాగును. వేయిమంది పాడినను దానికి కొఱత రాదు, మీదుమిక్కిలి నిండుదనము వచ్చును. శ్రీరాగకృతి మహానుభావులను తలంచి మ్రొక్కునది; మ్రొక్కుటకు పదిమంది చేరుట సహజము. ఈ రెండింటికి గోష్ఠి తగినది. గౌళకృతి యట్టిది కాదు. అందు ఒక మనుష్యుడు తన తప్పులను తానే ఒకటొకటిగా ఏకరువుపెట్టి, ఇటువంటి వానిని ఎవరు కాతురని కుమిలిపోవుచున్నాడు. అది గదిలో ఒంటరిగా కూర్చుండి చెప్పుకొను మాట. దానిని నాలుగువందలమంది తొడపై తాళము వేయుచు, ప్రక్కవారిని చూచి చిఱునవ్వు నవ్వుచు పాడుచుండగా వినునపుడు మాకు ఎబ్బెట్టుగా నుండును. ఆరభికృతిలో త్యాగయ్య స్వామిని మెల్లగా దెప్పుచున్నాడు. తన పంతమే నెగ్గించుకొన్నాడని మనసుతో మొఱపెట్టుకొనుచున్నాడు. ఆ దెప్పుపొడుపులోని సొగసు ఒక గొంతు చివర సన్నగా వంగినప్పుడు తెలియును గాని మూకుమ్మడి గానమున తెలియదు. వరాళి చూపు పాట. చూడగా చూడగా రుచి పెరుగు రూపమును గూర్చినది. దానిని పరుగెత్తుచు చూచుట ఎట్లు?

మా మాట విని ఈ మూడింటిని మానివేయవలెనని ఎవరు తలంపరు, మేమును కోరము. కాని గౌళకు వచ్చునప్పటికి కాలము తగ్గించి, మైకులు కట్టివేసి, ఎవరికి వారు తమ గొంతు తాము వినునంతటి మెత్తదనముతో పాడినచో, నాలుగువందలమంది నాలుగువందల ఒంటరి గొంతులతో తమ తప్పు చెప్పుకొన్నట్లుండును. ఒక్కమారు, ఒక్కచోట, కరెంటు పోయినందున అట్లు జరుగగా మేము వింటిమి. చరణము నడుమ మైకులు ఆగిపోయినవి. వేదికపైనివారు తడబడలేదు, తలయెత్తి మావైపు చూచి, చేతితో తాళము పెద్దదిగా చూపుచు పాడసాగిరి. అప్పటివఱకు స్పీకరును వెంబడించిన వెనుక వరుసవారు మొదటిసారిగా ఒకరినొకరు వినిరి. శ్రుతి కొంచెము జారినది, నిజమే. ఆ జారిన శ్రుతితోనే ఆ పాట మాకు నేటికిని చెవిలో నున్నది.

శ్రుతి మాట వచ్చినది గాన దానిని దాటిపోరాదు. మగవారు సాధారణముగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడుదురు. స్త్రీలు నాలుగున్నర, ఐదు శ్రుతులలో. ఈ రెండింటి నడుమ దూరము మధ్యమ పంచమముల ప్రాంతము. ఒకే శ్రుతిలో అందఱును పాడవలెననిన ఎవరో ఒకరు బాధపడవలసినదే. మగవారి శ్రుతి పెట్టినచో స్త్రీలు క్రిందిస్థాయిలో గొణుగవలెను, లేదా తారస్థాయిలో కీచుమనవలెను. ఏ గోష్ఠిలోనైనను చాపపై కూర్చున్నవారిని లెక్కించి చూడుడు, పెక్కుమంది స్త్రీలే. శ్రుతిపెట్టె మీటను త్రిప్పునది మాత్రము ముందు వరుసలోని పెద్ద విద్వాంసుని చేయి. నాగరత్నమ్మ పోరాడి స్త్రీలకు చోటు సంపాదించినది; శ్రుతి ఇంకను సంపాదింపబడలేదు. కొందఱు తెలివిగల నాయకులు రెండు కృతులు ఒక శ్రుతిలోను, మూడు కృతులు వేఱొక శ్రుతిలోను పాడించినచో ఈ చిక్కు కొంత తీఱును. నడుమ తంబూరాలు సరిచేసికొనుటకు ఐదు నిమిషములు పట్టును. ఆ యైదు నిమిషములు ఓపిక పట్టలేని సభ సంగీతసభ యెట్లగును?

పాశ్చాత్యులు ఈ చిక్కును వేఱొక విధముగా పరిష్కరించుకొనిరి. సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని గొంతులను నాలుగు తెగలుగా విడదీసి, ఒక్కొక్క తెగకు ఒక్కొక్క వరుసను వ్రాసి, నాలుగింటిని కలిపి పాడింతురు. మన కంటోన్మెంటు చర్చిలలో ఆ గానము తరములుగా వినబడుచున్నది. తెలుగు క్రైస్తవులు పాడుకొను ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెఱచి చూచినవారికి ఒక వింత కనబడును: కీర్తన నెత్తిన రాగము పేరు, తాళము పేరు అచ్చువేసి యుండును. పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలగువారు త్యాగయ్య నడచిన దేశి మార్గముననే తమ కీర్తనలను నడపిరి. అచట మేము మెచ్చునది ఒకటి కలదు. పాడు జట్టు వారమువారము సాధన చేయును. మనము ఏడాదికొక్క ఉదయము కలిసికొని ఏకకంఠమును ఆశింతుము.

మద్రాసు యూత్ కోయరును నెలకొల్పిన ఎం.బి. శ్రీనివాసన్ (1925-1988) మన రాగములను విడువకయే సమూహమునకై ప్రత్యేకముగా పాటలు కూర్చి పాడించినవాడు. ఒంటిగాయకుని పాటను పదిమంది నెత్తిన వేయుట కాక, పదిమందికి తగిన పాటను కట్టుట ఆయన చూపిన త్రోవ. ఆ త్రోవ మనకు పరాయిది కాదు. త్యాగరాజస్వామి ఇంటనే అది కలదు. పంచరత్నముల వెలుగులో మనము చూడక విడిచిన దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు ఆయన భజనగోష్ఠికొఱకే కట్టినవి. ఒకే వరుసలో చరణముల మీద చరణములు. సంగతుల బరువు లేదు. మొదటి చరణము పట్టుబడినచో పదవ చరణమును పిల్లవాడైనను పాడగలడు. ముందువాడు చరణమందించును, వెనుకవారు పల్లవి నెత్తుకొందురు. వెనుకవారు లేనిదే ఆ కీర్తన పూర్తికాదు. పంచరత్నములు ప్రజ్ఞకు గుర్తు. దివ్యనామములు పొత్తుకు గుర్తు. మన సంఘములు ప్రజ్ఞనే ఎంచుకొన్నవి. ఇది మా ఫిర్యాదు.

ఈ పొత్తు ఎట్లుండునో చూడగోరువారు చింతామణి తాలూకాలోని కైవారమునకు పోవలెను. బెంగుళూరునుండి రెండుగంటల ప్రయాణము. అచట గాజుల మలారము మోసి జీవించిన నారాయణప్ప యోగియై, కైవార తాతయ్యగా ప్రసిద్ధుడైనాడు. ఆయన 1726నుండి 1836వఱకు నూటపది యేండ్లు జీవించినట్లు సంప్రదాయము చెప్పును. తెలుగున, కన్నడమున తత్త్వములు, కీర్తనలు చెప్పెను. త్యాగయ్య కావేరీతీరమున తమిళుల నడుమ తెలుగు పాడుచున్న కాలముననే తాతయ్య ఈ కన్నడనాట తెలుగు పాడుచుండెను. ఇరువురును మనవంటివారే, తెలుగుదేశమునకు వెలుపల పుట్టి, వెలుపలనే మట్టిలో కలిసినవారు. మన పండితులు మొదటివానిని నెత్తిన పెట్టుకొనిరి, రెండవవానిని పల్లెవారికి వదలివేసిరి. పల్లెవారు ఆయనను చక్కగా కాపాడిరి.

ఆషాఢ పూర్ణిమకు అచట మూడుదినములు ఎడతెగక సంగీతము సాగును. పెద్ద విద్వాంసులును వత్తురు. కాని మేము విననేగునది భజనమేళములను. కోలారు, చిక్కబళ్లాపురము, అనంతపురము పల్లెలనుండి పదిమంది, పదునైదుగురు మేళములుగా వత్తురు. తాళములు, చిడతలు, ఒక హార్మోనియము, ఒక మద్దెల. ముందుపాడువాడు వయసు మీఱినవాడు, గొంతు అంత గొప్పది కాకపోవచ్చును. చరణము చివర అక్షరమును అతడు తాను పూర్తిగా పలుకడు. సగము విడిచి వెనుకవారివైపు చూచును. ఆ సగమును వారు అందుకొందురు. ఎవడైన వెనుకబడినచో చిడతను గట్టిగా ఒకమారు కొట్టి, అదే చరణమును మరల అందించును. చివర వేగము పెంచుటయు కలదు. అయితే అందఱి ఊపిరి నిలుచునంతవఱకే. ఒకడు అలసినాడని కంటితో చూచి కాలము దించిన ముందుపాడువానిని మేము చూచితిమి. విద్వత్సభలలో ఈ చూపు మాకు అరుదుగా కనబడినది. గొంతుగలవాడు గాయకుడగును. గోష్ఠికి కావలసినది చెవిగలవాడు.

సంఖ్యయందు మన మోజు కూడ ఈ చెవికి శత్రువే. 2009 మే నెలలో సికింద్రాబాదు పరేడు మైదానమున సిలికానాంధ్ర సంస్థ పూనికపై లక్షన్నరకు పైబడిన గాయకులు అన్నమాచార్యుల సంకీర్తనములు ఏడింటిని కలిసి పాడిరి. అన్నమయ్య పేర అంతమంది చేరుట ఒక మహోత్సవము. అందు పాల్గొన్నవారి సంతోషమును మేము తక్కువ చేయము. కాని అది వేడుక. గోష్ఠి దానికంటె చిన్నది, వేఱైనది. ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు మాత్రమే నడచును. నూటడెబ్బది మీటర్ల దూరముననున్నవానికి ముందువాని పాట అరసెకను ఆలస్యముగా చేరును. మన సభామందిరములలోనైనను ముప్పదినాలుగు మీటర్ల పొడవున్నచో పదవవంతు సెకను జాగు. ఆ జాగును కప్పుటకు వెనుక స్పీకర్లు పెట్టుదురు. అప్పుడు వెనుకవాడు స్పీకరుతో పాడును; ముందువాని ముఖముతో కాదు, ప్రక్కవాని ఊపిరితోను కాదు. ఏబదిమందికి మించిన గోష్ఠిని రెండు గోష్ఠులుగా చేసికొనుట మంచిదని మా యభిప్రాయము. ఒప్పుకొనువారు తక్కువ. విరాళముల లెక్క వేఱు కదా.

అన్నమయ్య ప్రసక్తి వచ్చినపుడు మన రాష్ట్రము ఋణపడిన ఒక తెలుగువానిని తలంపవలెను. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893-1979) 1912నుండి 1949వఱకు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిరి. పిమ్మట తిరుపతి చేరి అన్నమయ్య పాటల పరిష్కరణమునకు పూనుకొనిరి. తాళ్లపాకవారి రాగిరేకులలో పాటకు రాగము పేరు కలదు గాని స్వరము లేదు. శర్మగారు పెక్కు పాటలకు వరుసలు కూర్చి స్వరములతో ప్రకటించిరి. ఆయన తుదిశ్వాస విడిచినది మన బెంగుళూరుననే. కవితారసము, గానరసము రెండును ఎఱిగిన ఆయన పట్టుబట్టినది మాటను విఱువకుండుట. తాళము ఎచట పడినను పదము నడుమ ఊపిరి తీయరాదు. నేటి గోష్ఠులలో తఱచు జరుగునది దీనికి విరుద్ధము. వేగమున పదములు నడుమకు తునుగును. తునిగిన తలయొకచోట, తోకయొకచోట. తెలుగు రాని సోదరులు అట్లు పాడినచో వారిని తప్పుపట్టము. వారు నేర్చినంతయు ప్రేమచే నేర్చిరి. త్యాగయ్య పాటను మోసి తెచ్చినవారిలో వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రులు. ఆ శిష్యపరంపరలోనివాడై తెలుగున కృతులు రచించిన మైసూరు వాసుదేవాచార్యులవారు కన్నడనాటివారు. తెలుగు పాట బ్రతికినది పరుల నాలుకపై. మన నాలుక సంగతి యేమి?

మా కష్టము చెప్పుకొందుము. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు, చదువలేరు. కృతిని కన్నడ అక్షరములలోనో ఇంగ్లీషు అక్షరములలోనో వ్రాసికొందురు. కన్నడలిపి మన లిపికి తోబుట్టువు. అందు నష్టము స్వల్పము. ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినప్పుడు లకారము ళకారమునకు, నకారము ణకారమునకు భేదము పోవును, హ్రస్వదీర్ఘములు కలగాపులగమగును. ఒక బాలిక గౌళకృతిని తప్పులేని స్వరముతో పాడగా విని, అందులో ఆయన ఏమనుచున్నాడమ్మా యని అడిగితిమి. రాముని పొగడుచున్నాడు తాతగారూ అన్నది. తన్ను తాను తిట్టుకొనుచున్నాడని చెప్పగా ఆ పిల్ల నమ్మలేదు. అంత వేగముగా, అంత ఉత్సాహముగా పాడుచుండగా ఎవరు నమ్ముదురు?

ఈ గోష్ఠియే వారికి బహిరంగముగా తెలుగు పలుకుటకు మిగిలిన చోటు. బడిలో లేదు, కొలువులో లేదు, వీధిలో అంతంతమాత్రము. ఇచటనైనను మాట తెలిసి పలుకవలెనని కోరుట అత్యాశ కాదని మా నమ్మకము.

రెండేండ్లుగా మేము కొన్ని కుటుంబములవారము ఆదివారము సాయంకాలములందు ఒక ఇంటి వరండాలో కూడుచున్నాము. పదునెనిమిదిమందిమి, మైకు లేదు. దివ్యనామ కీర్తనలతో మొదలుపెట్టితిమి, అప్పుడప్పుడు తాతయ్య తత్త్వమొకటి. పుస్తకములు మూడు లిపులలో ఉన్నవి. శ్రుతి స్త్రీలది, మగవారము క్రిందిస్థాయిలో సర్దుకొనుచున్నాము, అలవాటు లేనందున మొదట కొంత మూలిగితిమి. ముందుపాడువారు వంతులవారీగా మాఱుదురు. పిల్లలు సందేహమడిగినచో పాట ఆపవలెనని నియమము పెట్టుకొంటిమి. మొన్నటి ఆదివారము రెండవ చరణముకడ ఒక బాలుడు ఒక పాతమాటకు అర్థమడిగెను. మాలో చదువుకొన్నవారమందఱము నిఘంటువును వెదకుచుండగా, నోటుపుస్తకపు అవ్వ (ఆమెను మేము వెదకి పట్టుకొంటిమి) ఆ మాటను తమ యూర నేటికిని దూడ తాడు విషయమున వాడుదుమని, తాడు ఎట్లు వేయుదురో చేతితో చూపుచు చెప్పసాగెను. దూడలు, పాలు, ఆమె పుట్టిల్లు అన్నియు వచ్చినవి. దీపములు పెట్టు వేళయైనది. ఆనాడు మూడవ చరణము పాడనేలేదు.